ఒడ్డు లేని నీళ్లు

గట్టుపల్లి,
20-3-1998.

చంద్రా,

ఆడబిడ్డకు రాసే ఉత్తరం నాలుగు మర్యాద మాటలతో మొదలుపెట్టాలని మా అమ్మ చెప్పేది. బడిలో ఐదేళ్లు నా పక్కనే కూర్చుని నా సద్దిలో సగం తిన్నదానివి, నీకు మర్యాదలేమిటి? మీ అన్న లింగమూర్తిని చేసుకున్న పాపానికి నాకు ఆడబిడ్డవయ్యావు గాని, లేకపోతే నా ముందు నోరెత్తేదానివా! సరే, విషయానికి వస్తాను.

కిందటి వానాకాలం మా బతుకు ఎలా చేసిందో నీకు తెలుసు. మృగశిరలో వాన పడిందని జొన్నలూ ఆముదాలూ వేశాం. మొలకలు వచ్చాక మబ్బు మళ్లీ మా వైపు చూడలేదు. జొన్న మోకాలెత్తు పెరిగి అక్కడే ఎండిపోయింది. గింజ సంగతి దేవుడెరుగు, పశువులకు చొప్ప కూడా దక్కలేదు. చెరువు అడుగున మట్టి పెళ్లలు పెళ్లలుగా లేచింది. ఇప్పుడు కొట్టం మీద కప్పిన పాత గడ్డి పీకి మా కర్రోడికీ ఎర్రోడికీ వేస్తున్నాను. ఆ రెండెడ్లూ అది నములుతూ నా మొహం వైపు చూస్తాయి. ఆ చూపు తట్టుకోలేకపోతున్నాను చంద్రా.

మీ ఖాజాగూడ చెరువు కింద ఎండాకాలంలోనూ పచ్చగడ్డి ఉంటుందని మొన్న దసరాకు వచ్చినప్పుడు నువ్వే గొప్పలు పోయావు. వానలు పడేదాకా మా జోడును నీ దగ్గర ఉంచుకో. కరువు వచ్చినప్పుడు చుట్టాల ఊళ్లో మేత ఉంటే అక్కడికి తోలడం మన తాతల నాటి నుంచీ ఉన్నదే. మీ అన్న మాత్రం "చెల్లె ఇంటికి చీర పంపాలె గని పశువులను పంపుడేంది, నలుగురు నవ్వరా?" అని గునుస్తున్నాడు. నవ్వితే నవ్వనీ. ఏరువాక నాటికి మా ఎడ్లు మా దొడ్లో ఉంటే చాలు.

జవాబు ఉత్తరంలోనే రాయి, ఫోన్ చేయకు. ఊరికి ఉన్న ఒక్క ఫోనూ రంగనాథ్ కిరాణా కొట్లో ఉంది. నువ్వు హలో అనేలోపు ఊరంతా హలో అంటుంది.

రాజమ్మ


ఖాజాగూడ,
29-3-1998.

వదినా,

ఊఁ. సరిపోయిందా? ఇంకోసారి కావాలంటే మళ్లీ ఊఁ. మన ఎడ్లను మన ఇంటికి తోలడానికి ఉత్తరం రాసి అడగాలా? నవ్వేవాళ్లెవరో పేర్లు రాసి పంపమని అన్నకు చెప్పు, వచ్చి వాళ్ల సంగతి చూస్తాను.

ఇక్కడ గడ్డికేం తక్కువ లేదు. చెరువు కింద కౌలుకు తీసుకున్న చేనంతా పచ్చగా ఉంది. బర్రెలు పొద్దంతా మేసి చెరువులో పడుకుంటాయి. మా ఆయన పొద్దున్నే పాల క్యాన్లు లూనా బండికి కట్టుకుని మాదాపూర్ దాకా పోతున్నాడు. అక్కడ గుండ్రంగా ఒక పెద్ద మేడ లేస్తున్నది, కంప్యూటర్ల కోసమట. దాని పక్క సందుల్లో కిరాయికి దిగిన ఇంజనీర్లు "నిన్నటి పాలు బాగున్నాయండీ, ఇవాళ్టివి పల్చగా ఉన్నాయండీ" అంటారట. "బర్రె గదే, పాలు గవే, నీళ్లు గూడ గవే" అని ఇంటికొచ్చి నవ్వుతాడు రవీందర్. మొగుడి పేరు రాశానని తిట్టకు, ఇక్కడ అందరూ పేర్లతోనే పిలుచుకుంటున్నారు.

గుట్టలను పేలుస్తున్నారు వదినా. ఢామ్మన్నప్పుడల్లా బర్రెలు బెదిరి పాలు చేపవు. అదొక్కటే కష్టం.

ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. ఎడ్లతోపాటు మీరు కూడా వచ్చేయరాదా? ఇక్కడ పని చేసేవాళ్లు దొరక్క వెతుక్కుంటున్నారు. అన్నకు వాచ్‌మన్ కొలువు నేనే చూపిస్తాను. నెల తిరిగితే జీతం, మబ్బు కోసం మెడ నొప్పి పుట్టేలా చూడక్కర్లేదు. ఆలోచించు.

నీ ఆడబిడ్డ,
చంద్రమ్మ


ఖాజాగూడ,
27-4-1998.

వదినా,

మన వాళ్లిద్దరూ వచ్చి పదిహేను రోజులు దాటింది. వచ్చిన రోజు పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నారు. వాళ్లను చూసి మా అత్త బుచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇప్పుడు చూస్తే గుర్తుపట్టవు. కర్రోడి వీపు నూనె రాసినట్టు మెరుస్తున్నది. వాడికీ మా దున్నపోతుకూ మొదట్లో అసలు పడలేదు. ఊళ్లో బర్రెలు ఎదకు వస్తే అందరూ మా దున్న కోసమే వస్తారు గదా, దానికి పొగరెక్కువ. రెండూ తలలు దించుకుని బుసలు కొట్టుకున్నాయి. ఇప్పుడు ఒకే తొట్లో నీళ్లు తాగుతున్నాయి.

ఎర్రోడు సరేసరి. వాడికి గడ్డి కంటే నీళ్లంటే ప్రాణం. తాడు నా చేతిలో ఉన్నా సరే, చెరువు కనిపిస్తే నన్ను కూడా లాక్కుని పోతాడు. కడుపు నిండా తాగి, ఇంకా మూతి నీళ్లలోనే పెట్టుకుని నిలబడతాడు. ఏడాదిగా చుక్క చూడలేదు పాపం.

అన్న ఇక్కడున్న ఒక్కరోజూ మాదాపూర్ మేడ చూపించాం. మెడ వెనక్కి వంచి చాలాసేపు చూసి, "ఇండ్ల ఎన్ని పుట్ల జొన్నలు పడతయో" అన్నాడు. మేస్త్రీలు పడిపడి నవ్వారు. కొలువు సంగతి అడిగితే కాదనలేదు. "ఈ వానాకాలం చూస్త, గిది గూడ పోతే ఇంటికి తాళమేసి వస్త" అన్నాడు. నాకైతే సంతోషమే. అన్నావదినలు పక్కవీధిలో ఉంటే నాకింకేం కావాలి?

చంద్రమ్మ


గట్టుపల్లి,
8-5-1998.

చంద్రా,

నీ సంతోషం నాకు అర్థమైంది గాని నాకు మాత్రం సంతోషం లేదు. తాళమేసి వస్తానన్న మాట మీ అన్న నాతో అనలేదు. నీతో అన్నాడు. ఇంట్లో నాతో ఉప్పు వేశావా, నీళ్లు తోడావా అని తప్ప వేరే మాట లేదు. పొద్దున లేచి ఖాళీ దొడ్లోకి పోయి నిలబడతాడు, తిరిగి వచ్చి పడుకుంటాడు.

నేను రాను. ఎందుకు రావని అడిగితే గొప్ప కారణం చెప్పలేను. ఇక్కడ నా చేతికి ఏ పని ఎప్పుడు చేయాలో తెలుసు, అంతే. మా ఎర్రమట్టి చల్క నేల మా నాన్న ఇచ్చినదీ కాదు, మీ నాన్న ఇచ్చినదీ కాదు, మేమిద్దరం రాళ్లేరి చేసుకున్నది. దాని మీద గడ్డి మొలిచిపోతుంటే నేను నీ పక్కవీధిలో కూర్చుని ఏం చేస్తాను?

చల్క సంగతి నీకు మళ్లీ చెప్పాలా? వాన పడ్డాక పదును ఉండేది నాలుగు రోజులే. సొంత ఎడ్లు ఉన్నవాడు ఆ నాలుగు రోజుల్లో దున్నుకుంటాడు. లేనివాడు వాళ్ల పని అయ్యేదాకా చూస్తూ కూర్చుంటాడు, ఈలోగా నేల రాయవుతుంది. అందుకే చెబుతున్నాను, మా బతుకంతా ఇప్పుడు ఆ జోడు మీదే ఉంది. ఈసారి పదును తప్పితే మీ అన్నను నేను ఆపలేను. ఎడ్లు ఎలా ఉన్నాయో వెంటనే రాయి.

రాజమ్మ


ఖాజాగూడ,
27-5-1998.

వదినకు,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇంట్లో పనులు ఎక్కువయ్యాయి. మొన్న ఇక్కడ గాలివాన వచ్చింది. చెట్లు పడ్డాయి. రెండు రోజులు కరెంటు లేదు.

ఎడ్ల సంగతి అడిగావు. ఇక్కడ మేతకు లోటు లేదు. కర్రోడు బాగా తింటున్నాడు.

మీ వైపు వాన పడితే వెంటనే రాయి. అన్నను జాగ్రత్తగా చూసుకో.

చంద్రమ్మ


గట్టుపల్లి,
2-6-1998.

ఓ చంద్రా,

పడింది! రోహిణి కార్తెలోనే పడింది! ఆదివారం మధ్యాహ్నం పడమట నల్లగా కమ్ముకుని వచ్చి, చీకటి పడేదాకా కొట్టింది. కొట్టం కప్పు సగం నేనే పీకేశాను గదా, లోపలంతా చిత్తడి. కురవనీ అని మధ్యలో పీట వేసుకుని కూర్చున్నాను. పొద్దున చూస్తే చెరువులో అడుగు నీళ్లు. కప్పలు ఎక్కడ దాక్కున్నాయో ఏమో, ఊరంతా వాటిదే రాజ్యం.

మీ అన్న తెల్లారకముందే చల్కకు పోయి, మట్టి పిడికిట్లో పిసికి చూసి, అలాగే పట్టుకుని ఇంటికి వచ్చాడు. "జానెడు లోతు దిగింది రాజీ" అన్నాడు. పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో! నాగలి బయటికి తీసి మరమ్మతు చేస్తున్నాడు.

ఏరువాక పున్నమి పదో తేదీ. ఆలోపు జోడును పంపించు. నడిపిస్తే ఆలస్యమవుతుంది, ఏదైనా వ్యాన్ మాట్లాడమని రవీందరన్నకు చెప్పు. నీ కిందటి ఉత్తరం ముభావంగా ఉంది, ఒంట్లో బాగాలేదా? ఏమున్నా తర్వాత వింటాను. ముందు నా ఎడ్లను పంపు తల్లీ.

రాజమ్మ


గట్టుపల్లి,
10-6-1998.

చంద్రమ్మకు,

నిన్న సాయంత్రం వ్యాన్ ఆగితే పసుపునీళ్ల చెంబు పట్టుకుని ఉరికాను. ముందు కర్రోడు దిగాడు. వెనక నల్లగా ఇంకొకటి దిగింది. ఎర్రోడికి బురద అంటిందేమో అనుకున్నాను. దగ్గరికి పోతే మీ దున్నపోతు.

రవీందరన్న చెంబెడు నీళ్లు తాగి, తల దించుకుని, "ఎర్రోడు లేడు చెల్లె. పదిహేను రోజులైంది. మిగిలింది చంద్ర రాస్తదట" అన్నాడు. అన్నం పెడితే ముట్టలేదు. పొద్దున మొదటి బస్సుకే వెళ్లిపోయాడు.

కర్రోడు బాగా తింటున్నాడని రాశావు. ఆ మాట ఎలా రాయగలిగావు? అప్పుడే చెబితే, మేము ఎక్కడో ఒకచోట ఇంకొక ఎద్దును బతిమాలి తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు ఎవరిస్తారు? ఇవాళ ఏరువాక. ఊరంతా ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూసి, గజ్జెలు కడుతున్నది. మీ అన్న అరుగు మీద కూర్చుని వీధి వైపు చూస్తున్నాడు. పదును ఆరిపోతున్నది.

నాకు ఒక్కటే తోస్తున్నది. మేము అక్కడికి రావాలని నీకు మొదటి నుంచీ ఉంది. జోడు విరిగితే వస్తారనుకున్నావు. ఎర్రోడిని నువ్వు చంపావని అనను గాని, వాడు పోయాడని నీకు పెద్ద బాధ కూడా లేదని అంటాను. ఇంక నాకు ఉత్తరాలు రాయకు.

రాజమ్మ


ఖాజాగూడ,
18-6-1998.

వదినా,

రాయొద్దన్నా రాస్తున్నాను. చదవకుండా పొయ్యిలో పెట్టినా సరే.

ఆ రోజు పశువులతో నేనే ఉన్నాను. గాలివాన వెలిసింది. మేడల వైపు రోడ్డు పక్కన కొత్తగా పునాదులకు రాయి కోసి వదిలిన గుంత ఒకటి ఉంది. పొద్దున పొడిగా ఉన్నది, సాయంత్రానికి నిండా నీళ్లు. మా బర్రెలకు ఆ గుంతలు తెలుసు, అంచు దాకా పోయి వెనక్కి తిరిగాయి. ఎర్రోడు నీళ్లు చూశాడు. తాడు నా చేతుల్లోంచి తోలు ఊడేలా లాక్కుని ఉరికాడు. మన ఊరి ఎద్దుకు తెలిసిన నీళ్లకు ఒడ్డు ఉంటుంది వదినా, మెల్లగా లోతు దిగుతుంది. ఇక్కడి నీళ్లకు ఒడ్డు లేదు, గోడ కోసినట్టు నిలువునా రాయే. వాడు ముందుకాళ్లు వేశాడు, అంతే. గట్టెక్కుదామని రాతిని గోకుతూ ఈదాడు. మేస్త్రీ ఎవరో పాపం క్రేన్ తెప్పించాడు. నడుముకు పట్టీలు వేసి పైకి తీసేసరికి ప్రాణం లేదు. చెరువుకట్ట పక్కన పసుపూ కుంకుమా పెట్టి పూడ్చాం. మా అత్త రెండు రోజులు అన్నం తినలేదు. నాకు బాధ లేదన్నావు. సరే.

ఆ మర్నాడే రాద్దామని కూర్చున్నాను. ఎర్రోడు పోయాడని రాస్తే అన్న తాళం వేసి వచ్చేస్తాడు. రమ్మని వెంటపడింది నేనే గదా. కాని ఆ గుంతలో ఎర్రోడు రాతిని గోకడం చూశాక, అన్న ఇక్కడికి రావడం తలచుకుంటే నాకు భయమేసింది. ఇక్కడి సంగతులు నాకు తెలుసు, అంచు దాకా పోయి ఆగుతాను. అన్నకు తెలియదు. అప్పుడు ఏం చేయాలో తోచలేదు. నీ వాన ఉత్తరం వచ్చాక ఇంట్లో ఉన్నదాన్ని వ్యాన్ ఎక్కించాను. ఎద్దుకు దున్న జోడు కాదని నాకు తెలియదా? ఎద్దు ఎండలో నడుస్తుంది, దున్న ఎండలో కూలబడుతుంది. కాని కాడికి రెండో పక్క ఖాళీగా ఉంటే అన్న చూడలేడనుకున్నాను. చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. అది నా తప్పే.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. చెరువు కింది గడ్డి చేను ఆసామి అమ్మేశాడు. దీపావళి లోపు ఖాళీ చేయమన్నారు, హద్దుకు రాతి కడీలు పాతుతున్నారు. వచ్చే ఎండాకాలం నీ ఎడ్లను ఉంచుకుందామన్నా నా దగ్గర పరక ఉండదు. నా బర్రెలనే ఏం చేయాలో తెలియదు. ఇది నీ జాలి కోసం రాయలేదు. మేత ఉందనుకుని మళ్లీ తోలుతారేమోనని రాశాను.

చంద్రమ్మ


గట్టుపల్లి,
4-10-1998.

చంద్రా,

బతుకమ్మకు వస్తావని రోజూ బస్సు వైపు చూశాను. రాలేదు. ఎందుకు వస్తావు, రాయొద్దన్న నోరు నాదే గదా. ఇన్ని నెలలు జవాబు రాయకపోవడానికి కారణం కోపం కాదు, సిగ్గు. మొదట ఏరువాక నాటి సంగతి చెబుతాను.

ఆ కోపపు ఉత్తరం డబ్బాలో వేసి ఇంటికి వచ్చేసరికి మీ అన్న దున్నను కడుగుతున్నాడు. చుట్టూ జనం. "యముడి వాహనాన్ని ఏరువాక నాడు కాడికి కడతవా లింగమూర్తీ, పిచ్చిలేసిందా?" అని ఒకడు. పూజకు వచ్చిన యజ్ఞనారాయణ పంతులు గారిని పట్టుకుని అడిగారు. ఆయన దున్నను చూసి, మీ అన్నను చూసి, "యముడికే ధర్మరాజని పేరు. కట్టు నాయనా, ధర్మంగానే దున్నుతుంది" అన్నారు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. నేను కర్రోడి కొమ్ములకు పూసిన రంగే దున్న కొమ్ములకూ పూశాను.

దున్నింది చంద్రా! మొదటి సాలు మాత్రం చూడాల్సిందే. కర్రోడు ముందుకు, మీ దున్న వెనక్కి, నాగలి పాము పాకినట్టు పోయింది. మీ అన్న కాడి తాడు కాస్త దున్న వైపు జరిపి కట్టాడు, అప్పుడు కుదిరింది. ఎండెక్కితే మీ మహారాజు చాళ్లలోనే పడుకుంటాడు, కొట్టినా లేవడు. అందుకని కోడి కూయకముందే పోయి, పొద్దెక్కగానే విప్పి చెరువులో వదిలి, మళ్లీ చల్లబడ్డాక కట్టేవాళ్లం. ఒకసారి కాడి తీయకముందే బురదగుంట చూసుకుని కర్రోడినీ నాగలినీ మీ అన్ననూ కలిపి అందులోకి లాక్కుపోయింది. బురదలోంచి లేచి మీ అన్న నవ్వాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

రెండో వానకు జొన్నా కందీ వేశాం. ఆషాఢంలో ఇరవై రోజులు చుక్క లేదు, మళ్లీ పోయిందనుకున్నాం. తర్వాత ఆగితే ఒట్టు. ఎక్కువే పడి కొంత గింజ నల్లబడింది. తినడానికి కొదవ లేదు, చొప్పకు అసలే కొదవ లేదు. దొడ్లో రెండు వాములు లేచాయి.

నీ చివరి ఉత్తరం ఆ రోజుల్లోనే మీ అన్నకు చదివి వినిపించాను. గుంత సంగతి దగ్గర ఆపమని చేయి ఎత్తాడు. చేయి దించకుండానే, "నేనైనా గట్లనే ఉరుకుతుంటి" అన్నాడు. తాళం మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నేను నీకు చెప్పనిది. ఎడ్లను నీ దగ్గరికి తోలింది గడ్డి కోసం మాత్రమే కాదు. మీ అన్న అప్పటికే బుధవారం అంగడిలో కబేళాకు కొనే దళారికి ఎడ్లను అమ్ముతానని మాట ఇచ్చి వచ్చాడు. ఆడబిడ్డ ఇంటికి తోలిన పశువును అక్కడి నుంచి అంగడికి తోలడం మన ఇళ్లలో లేదు. చెల్లె ఇల్లు అంటే ఆయన కాదనలేడు, నీ వాకిట్లో ఉన్నంతకాలం దళారి చెయ్యి పడదు. అందుకే పట్టుబట్టాను. నీకు చెబితే మీ అన్న నీ ముందు చిన్నబోతాడని దాచాను. అంత దాచుకున్నదాన్ని, నువ్వు దాచావని అనరాని మాటలన్నాను. నన్ను తిట్టు. ఎదురుగా వచ్చి తిట్టు.

బర్రెలను అమ్మకు. పాలిచ్చే వాటిని ఎలాగో వాకిట్లో సర్దుకో, గిరాకీ పోగొట్టుకోవద్దు. చూడివాటినీ దూడలనూ ఇక్కడికి తోలు. వచ్చే వానల దాకా మా చొప్ప సరిపోతుంది. దున్నను మాత్రం ఇప్పుడప్పుడే అడగకు, ఊళ్లో బర్రెలన్నీ దానికి మొక్కుతున్నాయి.

దొడ్లో ఎర్రోడి గుంజ అలాగే ఉంది. మీ అన్న దాన్ని పీకనివ్వలేదు, దానికి దున్నను కూడా కట్టనివ్వలేదు. నిన్న మీ బర్రెలను ఇక్కడికి రప్పిద్దామని చెబితే లేచి పోయి, ఆ గుంజ చుట్టూ మొలిచిన గడ్డి పీకి, నేల ఊడ్చి వచ్చాడు. "చెల్లె ఎన్నడొస్తదట?" అని అప్పటి నుంచి మూడుసార్లు అడిగాడు.

రాజమ్మ